అడగకుండా కోసిన గరిక

ఐలేష్ ఇనుప జాలీని మోకాలితో అదిమిపట్టి, కటింగ్ ప్లేయర్‌తో ఒక్కో తీగనూ తెంపుతున్నాడు. తెగిన ప్రతి కొసనూ బొటనవేలితో తడిమి, గుచ్చుకునేదాన్ని బయటికి మడుస్తున్నాడు. కొలత గీసుకోలేదు. అవసరం లేదు. ఇబ్రహీంపట్నం నుంచి ఆదిభట్ల దాకా చికెన్ షాపుల ముందు కనిపించే కోళ్ల పంజరాల్లో సగం ఆయన చేతివే. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున కూడా జాలీయే. రెట్ట కిందికి రాలిపోతుంది, షాపువాడు కింది రేకు లాగి కడుక్కుంటాడు.

ఈసారి పంజరం కోడికి కాదు. షెడ్డు మూలన అట్టపెట్టెలో ఉన్న కుందేలు పిల్లకు.

దాన్ని తెచ్చింది కూతురు సంతోషి. పందొమ్మిదేళ్ల పిల్ల. ఇంటర్ అయిపోయాక, కొంగరకలాన్‌లో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేరి మూడు నెలలైంది. తనూ, లైన్‌లో పక్కన కూర్చునే రావిర్యాల పిల్ల తిరుమలా కలిసి, ఒకే ఈతలో పుట్టిన రెండు పిల్లల్ని చెరొకటి తెచ్చుకున్నారు. చిన్నప్పటి నుంచి సంతోషి ఇంట్లో ఏదీ కావాలని అడిగి ఎరుగదు. తన జీతంతో తన కోసం కొనుక్కున్న మొదటి వస్తువు, వస్తువు కాదు, ప్రాణం, ఇదే.

"బాపు, దీనికి రేపటికల్ల ఇల్లు గావాలె."

"గేటుకు అడ్వాన్సు ఇచ్చినోళ్లు నెల సంది తిరుగుతున్నరు. నీకు రేపటికల్లనా?"

"గేటుకు ఆకలైతదా, సలి పెడ్తదా. అది ఆగుతది."

ఐలేష్ భార్య నిర్మల చాయ్ గ్లాసులు తెచ్చి అట్టపెట్టెలోకి తొంగి చూసింది. "మీ తాత బతికుంటే దీనికి ఇల్లు గాదు, ఉల్లిగడ్డలు కొయ్యమనేటోడు."

"అమ్మా, గట్లనకు. దాని పేరు దూది."

నిర్మల అన్నది అబద్ధం కాదు. ఐలేష్ తండ్రి కొంగరకలాన్‌లో తమ మెట్ట చెల్కలో కుందేళ్లకు వల కట్టేవాడు. ఆ ఇంట్లో కుందేలు అంటే కూర. దాన్ని పెంచడం, దానికి తిండి పెట్టడం ఎవరికీ తెలియదు.

ఆ చెల్క రెండెకరాలు. పదకొండేళ్ల కింద అన్నదమ్ములంతా అమ్మేద్దామన్నారు. ఐలేష్ ఒకసారి వద్దన్నాడు, రెండోసారి అనలేదు, సంతకం పెట్టాడు. వచ్చిన దాంతో ఇబ్రహీంపట్నంలో రెండు గదుల ఇల్లు, ఇంటి ముందు రేకుల షెడ్డు, ఒక వెల్డింగ్ మిషన్. పని ఎవరూ నేర్పలేదు. ఒక వెల్డింగ్ షాపు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో నెల రోజులు కూర్చుని చూసి నేర్చుకున్నాడు. కళ్లు మండి మూడు రోజులు ఆలుగడ్డ ముక్కలు పెట్టుకుని పడుకున్నాడు. వెల్డింగ్ పొగకు వాసన పట్టే గుణం ముక్కుకు ఎప్పుడో పోయింది. మాటలు చెప్పే గిరాకీ వస్తే ఆయన చేసే పని ఒకటే. సుద్దముక్క చేతికిచ్చి, "గీసి సూపియ్యి" అంటాడు. చాలామంది గీయలేరు.

చెల్క ప్లాట్లయింది. తెల్ల రాళ్లు పాతారు, గేటు పెట్టారు. ఇన్నేళ్లయినా ఒక్క ఇల్లూ లేవలేదు. ఆ దారిన పోయినప్పుడు ఐలేష్ తల తిప్పుకొని పోయేవాడే గానీ లోపల అడుగు పెట్టలేదు.

పంజరం మర్నాటికి కాకపోయినా ఆ మర్నాటికి తయారైంది. దూది అందులో చేరింది. సంతోషి డ్యూటీ బస్సు ఎక్కితే తొమ్మిది పది గంటలు ఇంట ఉండదు. నిర్మల పొద్దున పోయి రెండు ఇళ్లలో వంట చేసి వస్తుంది. షెడ్డులో రోజంతా ఉండేది ఐలేష్ ఒక్కడే. అట్లా కుందేలు ఆయన చేతిలో పడింది.

మొదట్లో అన్నం పెట్టాడు. రొట్టె ముక్క పెట్టాడు. చాయ్‌లో తను ముంచుకునే బిస్కెట్ సగం విరిచి పెట్టాడు. సంతోషి ఫోన్‌లో చూసి క్యారెట్లు తెచ్చింది. అన్నీ తిన్నది. తింటున్నది కదా అని సంతోషపడ్డారు. పొద్దున్నే అది తన పెంటికలు తనే తినడం చూసి నిర్మల రెండు రోజులు దాని దగ్గరికి పోలేదు. ఐలేష్ మాత్రం చూస్తూ ఉండేవాడు. పని నేర్చుకున్నదీ అట్లాగే, చూసి. గ్రైండర్ పెట్టగానే అది మూలకు ఒదిగిపోతుందనీ, డొక్కలు కొట్టుకుంటాయనీ మూడో రోజుకు పట్టుకున్నాడు. గ్రైండర్‌ను రోడ్డు వైపు కొసకు మార్చి, పంజరానికి తడిపిన గోనెపట్టా అడ్డం కట్టాడు. గేటు కోసం వచ్చినవాళ్లు నవ్వారు.

"ఐలేష్ అన్నా, గేటు చేస్తున్నవా, కుందేలుకు జోల పాడుతున్నవా?"

"రెండూ ఒక్క చేతితోనే," అన్నాడు.

డ్యూటీ దిగి వచ్చిన సంతోషి చెప్పులు విడవకుండానే పంజరం దగ్గరికి పోయేది. తలుపు తీస్తే దూది దాని అంతట అదే ఒళ్లోకి వచ్చేది. ఐలేష్ గ్లౌజులు తీస్తూ ఆ పక్కకు చూసేవాడు. పిల్ల మొహం అట్లా ఉండటం ఫ్యాక్టరీలో చేరాక ఆయన చూడలేదు.

పన్నెండో రోజు దూది లేవలేదు. ఎత్తి చూస్తే వెనక కాళ్ల కింద బొచ్చు ఊడిపోయి, ఎర్రగా పుండ్లు పడి ఉన్నాయి. ఐలేష్ పంజరాన్నే బండి వెనక కట్టుకుని పశువుల దవాఖానకు పోయాడు. అక్కడి డాక్టర్ సంజీవ ముందు కుందేలును చూడలేదు, పంజరాన్ని చూశాడు.

"ఇది కోళ్లది గదా?"

"కోళ్ల కొలతనే. నేనే చేసిన."

"చేతిపని మంచిగున్నది. కోడి ఇండ్ల ఎన్ని రోజులుంటది?"

"రెండు రోజులు. మస్తంటే మూడు."

"మరి ఇది ఎన్ని రోజులుండాలె?"

ఐలేష్ పంజరం అడుగు వైపు చూశాడు. తను ఇన్నేళ్లుగా చేసిన పంజరాలన్నీ రెండు రోజుల్లో కోతకు పోయే ప్రాణాల కోసం చేసినవే. బతకవలసిన దానికి ఇల్లు ఎట్లుండాలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

సంజీవ మలాం రాస్తూ చెప్పాడు. "కుక్కకు కాలి కింద మెత్త ఉంటది. దీనికి ఉండదు, ఉత్త బొచ్చే. తీగ మీద నిలబెడితే గిట్లనే అయితది. చెక్క ఎయ్యి, మీద గడ్డి ఎయ్యి. తిండి సుత గడ్డే. బిస్కెట్లు, అన్నం బంద్. ఒక్క పూట తినకుంటే తీస్కరా. రెండో పూట దాక సూడకు."

ఇంటికొచ్చాక సంతోషి ఆ కాళ్లు చూసింది. పంజరం అడుగు జాలీని అరచేత్తో తడిమింది. తర్వాత అంది: "నీ చేతిపని గదా అని నేను లోపల సుత చూడలే బాపు."

తిట్టినా ఐలేష్‌కు అంత తగిలేది కాదు.

జాలీ మీద ప్రస్తుతానికి గోనెసంచి పరిచాడు. అటక మీద ఉన్న పాత టేకు తలుపు దించి, పలకలు విడదీసి, కొత్త డబ్బాకు కొలతలు గీశాడు. ఈసారి సుద్దముక్కతో గీసుకున్నాడు. ఇక గడ్డి కావాలి. పెద్దచెరువు గట్టు మీద ఉన్నదాన్ని బర్రెలు తొక్కాయి, కుక్కలు తిరుగుతున్నాయి. మోరీల పక్కది వద్దు. మంచి గరిక ఎక్కడుంటుందా అని ఆలోచిస్తే ఆయనకు ఒక్క చోటే గుర్తొచ్చింది. తమ చెల్క తూర్పు గట్టు. ఆ గరిక మేసిన ఎడ్లు ఎట్లుండేవో ఆయనకు తెలుసు.

పొద్దు పొడవక ముందే కొడవలి గోనెసంచిలో చుట్టుకుని టీవీఎస్ మీద బయల్దేరాడు. పదకొండేళ్ల తర్వాత అక్కడికి పోవడానికి ఒక పని దొరికింది.

కొంగరకలాన్‌లో ఒక పద్ధతి ఉంది. వేరేవాళ్ల గట్టు మీద గడ్డి కోసుకోవాలంటే కొడవలి పెట్టకముందే దూరం నుంచి ఒక కేక వేస్తారు. "గడ్డి కోసుకుంటున్న" అంటే, "కోసుకో" అని అటు నుంచి జవాబొస్తుంది. మందు కొట్టి ఉన్నా, పాము కనబడి ఉన్నా అప్పుడే చెబుతారు. ఐలేష్ చిన్నప్పటి నుంచి పాటించిన పద్ధతే. సొంత గట్టు మీద మాత్రం ఎవరూ కేక వేయరు.

గేటు పక్కన వాచ్‌మెన్ గది ఉంది. వాచ్‌మెన్ బాల్ నర్సింహ ఆ ఊరివాడే, అందరూ బాల్ అంటారు. గది తలుపు ఓరగా తీసి ఉంది, బయట బకెట్లో నీళ్లు ఉన్నాయి. ఒక్క మాట అంటే చాలు. ఐలేష్‌కు నోరు రాలేదు. నా చెల్కల గరికకు నేను ఎవర్ని అడగాలె అనిపించింది. కంచె సందులోంచి లోపలికి పోయాడు.

గరిక మోకాలెత్తు ఉంది. మంచుతో తడిసి మెత్తగా ఉంది. వంగి కోస్తుంటే నడుముకు పాత లెక్క గుర్తొచ్చింది, ఎక్కడ గట్టు వంపు తిరుగుతుందో కాలికి తెలిసింది. రెండు మోపులు కోశాడు. ఏ వాసనా తగల్లేదు. మోపులు బండికి కట్టి స్టార్ట్ చేసేసరికి వెనక నుంచి ఎవరో పిలిచినట్టయింది. గడ్డికి గూడ అడ్డమొస్తరా అనుకుని బండి ఆపలేదు.

దూది ఆ గరికను కరకరమని నమిలింది. సంతోషికి ఆ వారం రెండో షిఫ్టు, ఇంట్లోనే ఉంది. చాలా రోజులకు నవ్వింది.

"తిరుమల కుందేలుకు సుత జర కట్టియ్యి బాపు. వాళ్లింట్ల ఏం పెడ్తున్నరో ఏమో."

ఐలేష్ చిన్న సంచి నింపి ఇచ్చాడు. "మన చెల్క గరిక అని చెప్పు," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి దూది గడ్డి వదిలేసింది. గదవ కింద తడి. నీళ్లు పెడితే మూతి వెనక్కి తీసుకుంది. సంతోషి అప్పటికే బస్సెక్కి పోయింది. రెండో పూట దాకా చూడొద్దన్న మాట గుర్తుంది గనక ఐలేష్ వెంటనే దవాఖానకు తీసుకుపోయాడు. సంజీవ నోరు తెరిచి చూశాడు. నాలుక కాలినట్టు ఎర్రగా ఉంది.

"ఏం పెట్టినవ్?"

"నువ్వు చెప్పిందే. గరిక."

"ఎక్కడిది?"

"మా చెల్కది."

"గడ్డి మందు కొట్టిన్రా?"

"మేం కొట్టం," అన్నాడు ఐలేష్.

సంజీవ ఒక క్షణం ఆయన మొహంలోకి చూశాడు. "ఎవలు కొట్టిన్రో తెలుసుకోని రా. ఇది ఈడ ఉండనియ్యి."

చెల్క దగ్గర బండి దిగకముందే తెలిసిపోయింది. నిన్న పచ్చగా ఉన్నదంతా ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మాడిపోయి ఉంది. బాల్ గదిలోంచి బయటికొచ్చాడు.

"ఐలేష్ అన్నా, ఇన్నేండ్లకు ఇటొచ్చినవేంది?"

"ఇది ఎప్పుడు కొట్టిన్రు?"

"మొన్న సాయంత్రం. దసరాకు ప్లాట్లు సూడనీకి వస్తరట, సాఫ్‌గ ఉండాలెనని కొట్టిచ్చిన్రు. నిన్న పొద్దుగాల ఎవడో దొంగ లెక్క వచ్చి కోస్కపోయిండు. నేను మొఖం కడుగుతున్న. మందు కొట్టిందిరా అని ఎంత ఒర్రినా ఇనలే, బండెక్కి పోయిండు. ఎవని బర్రెలు సస్తయో ఏమో."

ఐలేష్ ఆ దొంగ ఎవరో చెప్పలేదు. చిన్న సంచి గుర్తొచ్చింది. సంతోషికి ఫోన్ చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. డ్యూటీలో ఫోన్లు లాకర్లో ఉంటాయి. బండి రావిర్యాల వైపు తిప్పాడు.

తిరుమల నాయనమ్మ నర్సింహమ్మ ఇంటి ముందు మేకలకు కుడితి పెడుతోంది. రెండో కుందేలు గంప కింద, మట్టి నేల మీద ఉంది.

"అవ్వా, నిన్న మీ పిల్ల తెచ్చిన గడ్డి దీనికి ఏసినవా?"

"ఎయ్యలే. మంచుతోని కోసిన గడ్డి ఎవలన్న ఏస్తరా? మ్యాకలకే ఎయ్యం, కడుపుబ్బుతయి. దడి మీద ఆరేసిన. కోసినోనికి గడ్డి సంగతి ఎర్కలేదు, మన్ను సుత దులుపలే."

"కోసింది నేనే. అది మందు కొట్టిన గడ్డి. తీస్కపోనీకొచ్చిన."

నర్సింహమ్మ చేతిలో చెంబు కింద పెట్టింది. "మీ చెల్కదని చెప్పింది గదా పొల్ల," అంది.

ఐలేష్ దడి మీద గరికనంతా సంచిలోకి ఎత్తాడు. రాలిన పోచల్ని నేల మీద వంగి ఒక్కొక్కటే ఏరాడు. అప్పుడు చూశాడు, గంప చుట్టూ కుక్కల గోళ్ల గీతలు.

దూదిని సాయంత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. సంజీవ సిరంజి ఇచ్చి, బొట్టు బొట్టుగా నీళ్లు పట్టమన్నాడు. నమ్మకం మాత్రం ఇవ్వలేదు. తెల్లవారి సంతోషి గోనెపట్టా మీద కూర్చుని దానికి నీళ్లు పడుతుంటే ఐలేష్ ఎదురుగా నిలబడి జరిగిందంతా చెప్పాడు. ఏదీ దాచలేదు, పిలుపు వినబడినా ఆగని సంగతి కూడా.

"బాల్ కాక ఆడనే ఉన్నడు గదా. అడగలే?"

"అడగలే."

"ఎందుకు?"

"మన చెల్కనే గదా అనుకున్న."

సంతోషి సిరంజి కింద పెట్టింది. "మనది కాదు బాపు. నేను రోజూ బస్సుల అటు దిక్కే పోత. దినాం సూస్త. మనది కాదు."

నిర్మల గుమ్మంలో నిలబడి ఉంది.

పదకొండు దాటాక దూది ఒళ్లోనే చచ్చిపోయింది. సంతోషి దాన్ని గోనెపట్టా మీద పడుకోబెట్టి, చేతులు కడుక్కుని, యూనిఫాం వేసుకుంది. ఇయ్యాల పోకు బిడ్డా అంది నిర్మల. "పోత," అంది. గడప దాటుతూ పంజరం వైపు చూడకుండా, "అది నాకు కనవడొద్దు," అని బస్సుకు పోయింది. ఆ బస్సు చెల్క పక్క నుంచే పోతుంది.

ఐలేష్ షెడ్డు వెనక గొయ్యి తీసి దూదిని పాతిపెట్టాడు. జాలీ పంజరాన్ని గ్రైండర్‌తో నాలుగు ముక్కలు చేసి తుక్కులో వేశాడు. ఆ పూట గ్రైండర్‌కు అడ్డం కట్టవలసింది ఏమీ లేదు.

సగంలో ఉన్న చెక్క డబ్బా అట్లాగే ఉంది. రెండు రోజులు దాని జోలికి పోలేదు. మూడో రోజు గేటు పని పక్కకు నెట్టి దాన్ని ముందుకు లాగాడు. దూదికి అనుకున్న కొలతకు అరడుగు పెంచాడు. నేల పలకల్ని రంద పట్టి నున్నగా చేసి, సందు లేకుండా కలిపాడు. మేకులన్నీ కింది నుంచి కొట్టాడు, పైన ఒక్క తల కూడా తేలకుండా. రంగు వేయలేదు, కుందేలు చెక్క కొరుకుతుంది. నేలను వెనక్కి కొంచెం వాలుగా పెట్టి, తడి జారిపోయేందుకు సన్న గాడి తీసి, దాని కింద లాగి కడిగే రేకు అమర్చాడు. జాలీ పక్కలకే. కుక్క మూతి అందకుండా కింద నడుమెత్తు ఇనుప కాళ్లు. ఎమరీ పేపర్‌తో మూడుసార్లు రుద్ది, చేత్తో కాదు, చెంపతో తడిమి చూశాడు.

శనివారం సంతోషి డ్యూటీకి పోతూ డబ్బా దగ్గర ఆగింది. అరచేతిని నేల పలక మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకసారి నడిపింది.

"గిట్ల చెయ్యొస్తది గదా నీకు," అంది. "ముందే చెయ్యకపోతివి."

"అవ్," అన్నాడు ఐలేష్.

ఆదివారం ఆమెకు సెలవు. రావిర్యాల పోదాం వస్తావా అని ఐలేష్ అడిగాడు. ఆమె బట్టలు ఉతుకుతోంది. తల ఊపలేదు, ఎత్తలేదు. ఆయన ట్రాలీ ఆటోలో డబ్బా ఎక్కించుకుని ఒక్కడే పోయాడు.

తిరుమల ఎదురొచ్చి ఆటో వెనక చూసింది. "సంతోషి రాలేదా కాక?"

"రాలే. ఒక పక్క పట్టు."

గోడ పక్క నీడలో డబ్బా దించారు. ఒక కాలు కింద నేల గుంతగా ఉంటే ఐలేష్ చదును చేసి, ఊపి చూసి, కదలడం లేదని రూఢి చేసుకున్నాడు. రేకు ఎట్లా లాగాలో, గాడి ఎట్లా కడగాలో తిరుమలతో ఒకసారి చేయించాడు.

"గడ్డి మీ నాయనమ్మ కోసిందే ఎయ్యి. వేరేటోళ్ల గట్టు మీదికి పోతే అడిగి కొయ్యి."

"అడగకుండ ఎవలన్న కోస్తరా," అంది నర్సింహమ్మ. ఆమె మామూలుగానే అన్నది. అన్నాక ఐలేష్ వైపు చూసి, మేకల దగ్గరికి పోయింది.

ఐలేష్ గొళ్లెం మూడుసార్లు తీసి పెట్టి చూశాడు. తలుపు తెరిచి పట్టుకున్నాడు. తిరుమల గంప ఎత్తి కుందేలును తీసి లోపల పెట్టింది. అది ఒక మూల వాసన చూసి, ఇంకో మూల వాసన చూసి, వెనక కాళ్లు చాపి చెక్క మీద పడుకుంది. ఐలేష్ తలుపు మీంచి చెయ్యి తీసేశాడు. గొళ్లెం తిరుమల పెట్టింది.